ఒకే ర్యాక్‌లో పడతాయి, ఒకదాని పార్టు ఇంకోదానికి పడదు

నెల్లూరు పొగతోటలో ఒక మామూలు డయాగ్నస్టిక్ సెంటర్ అనుకోండి. ముందర బిల్లింగ్ కంప్యూటర్ ఒకటి, వెనక చిన్న గదిలో రిపోర్టులు, స్కానింగ్ బొమ్మలు దాచే సర్వర్ ఒకటి. శనివారం సాయంత్రం కరెంటు పోయి హై వోల్టేజీతో తిరిగొచ్చింది, రెండింట్లో పవర్ సప్లైలు కాలిపోయినాయి. బిల్లింగ్ కంప్యూటర్‌కి పెద్ద ఇబ్బంది లేదు, ఎస్‌ఎంపీఎస్ (దాని పవర్ సప్లై డబ్బా) ఏ షాపులో అయినా దొరుకుతుంది, ఏ కంపెనీది తెచ్చినా పడతది, కుర్రోడు వచ్చి నాలుగు స్క్రూలు తీసి అరగంటలో మార్చేసి పోతాడు. సర్వర్‌ది అట్లా కాదు. ఆ కంపెనీదే కావాలి, ఆ కంపెనీలో కూడా ఆ మోడల్‌కి సరిపోయేదే కావాలి, అది నెల్లూరులో ఉండదు, చెన్నై రిచీ స్ట్రీట్‌లో సెకండ్ హ్యాండ్‌ది ఉంటే ఉంటది లేకపోతే సికింద్రాబాద్ సీటీసీలో తెలిసినోళ్ళకి ఫోన్ చేయాలి, కొత్తదే కావాలంటే ఆర్డరు పెట్టి కొరియర్ ఎప్పుడొస్తదా అని చూస్తా కూర్చోవాలి. సోమవారం పొద్దున పేషెంట్లు పాత రిపోర్టులు అడుగుతారు, అవి డిస్కుల్లో భద్రంగానే ఉంటాయి, తీసిచ్చే దారి మాత్రం ఉండదు.

డెస్క్‌టాప్ కంటే ఎన్నో రెట్లు ఖరీదైన మిషన్‌కి ఈ కష్టం ఎందుకు, సర్వర్లలో స్టాండర్డ్ అనేది ఎక్కడిదాకా వచ్చి ఎక్కడ ఆగిపోయింది, ఎందుకు ఆగింది అనేది చిన్న ఊళ్ళలో సర్వర్ కొనే ప్రతి ఒక్కరికీ తెలియాల్సిన సంగతి.

ముందు డెస్క్‌టాప్‌కి ఆ సుఖం ఎక్కడ్నించి వచ్చిందో చూద్దాం. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అని ఒక కొలతల పత్రం బయటపెట్టింది. మదర్‌బోర్డు ఎంత సైజు, స్క్రూ బొక్కలు ఎక్కడ, పవర్ సప్లై డబ్బా ఎంత, దాన్నుంచి వచ్చే ఏ వైరులో ఎన్ని వోల్టులు, అన్నీ అందులో ఉన్నాయి. ముప్పై ఏళ్ళు అయింది, మధ్యలో మార్పులు జరిగినా ఆ పద్ధతే ఇంకా నడస్తా ఉంది, అందుకే ఒంగోలు షాపులో కొన్న ఎస్‌ఎంపీఎస్ కందుకూరులో ఎవరో అసెంబుల్ చేసిన కంప్యూటర్లో కూర్చుంటది. సర్వర్లకి కూడా ఇట్లాంటి ప్రయత్నం జరిగింది. ఎస్‌ఎస్‌ఐ అని ఒక ఫోరం పెట్టి బోర్డు సైజులు రాశారు, 12 అంగుళాలు బై 13 అంగుళాల ఈఈబీ బోర్డు అందులోదే. తైవాన్ బోర్డు కంపెనీలు, సొంతంగా అసెంబుల్ చేసి అమ్మేవాళ్ళు దాన్ని బాగా వాడుకున్నారు గానీ పెద్ద బ్రాండ్లు మాత్రం తమ బోర్డుల ఆకారాలు తమకే ఉంచుకున్నాయి.

అట్లాగని సర్వర్‌లో స్టాండర్డ్ అసలు లేదనుకోవద్దు, చాలానే ఉంది. బయట సర్వర్లు బిగించే ఇనప బీరువా లాంటి ర్యాక్ చూడండి. 19 అంగుళాల వెడల్పు టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కాలం నాటిది, కంప్యూటర్ పుట్టకముందే ఆ కొలత ఉంది. తర్వాత ఈఐఏ-310 అనే పేరుతో దాన్ని ఖాయం చేశారు. ఎత్తుని యూ లెక్కన కొలుస్తారు, ఒక యూ అంటే 1.75 అంగుళాలు, సరిగ్గా 44.45 మిల్లీమీటర్లు, మనిషెత్తు ర్యాక్ అంటే మామూలుగా 42 యూ. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ఫ్యాక్టరీల్లో స్లాబు 2 సెంటీమీటర్లు లేకపోతే 3 సెంటీమీటర్ల మందంలో కోస్తారు కదా, ఏ దేశంలో కొన్నోడైనా ఆ మందాన్ని నమ్మి కిచెన్ డిజైన్ చేసుకుంటాడు, ర్యాక్‌లో యూ అనేది కూడా అట్లాంటి నమ్మకమే.

కానీ ర్యాక్‌లో ఒక చిక్కు ఉంది, ఇక్కడ చాలామంది డబ్బులు పోగొట్టుకునేది దాని దగ్గరే. వెడల్పు, ఎత్తు గట్టిగా రాసి ఉన్నాయి, లోతుకి అట్లాంటి ఒకే కొలత లేదు. నెట్‌వర్క్ స్విచ్చిలు పెట్టుకునే గోడ ర్యాకులు 450, 550, 600 మిల్లీమీటర్ల లోతులో దొరుకుతాయి, అవే మన ఊళ్ళలో ఎక్కువ అమ్ముడుపోతాయి. ర్యాక్ సర్వర్ ఏమో 700, 800 మిల్లీమీటర్ల పొడవుంటది, అది పట్టాలంటే 1000 లోతు ర్యాక్ కావాలి. ర్యాక్ అంటే ర్యాకే గదా అని ముందే కొనేసి తర్వాత సర్వర్ తెప్పిస్తే తలుపు పడదు, ఇంక ఆ సర్వర్‌ని బల్ల మీద పరిచి, దాని మీద ఫైళ్ళు పెట్టి, గాలి పోయే దారి మూసేసి నడుపుతా ఉంటారు. ర్యాక్‌లోకి జరిపే రైల్స్ కూడా కంపెనీకో రకం, ఒకే కంపెనీలో తరానికో రకం. సెకండ్ హ్యాండ్‌లో సర్వర్ చవగ్గా వచ్చిందని తెచ్చుకున్నాక రైల్స్ కోసం విడిగా వెతుక్కోవడం మామూలే.

లోపలికి వస్తే ర్యామ్‌ది జెడెక్ అనే సంస్థ రాసే స్టాండర్డ్. 2012లో డీడీఆర్4, 2020లో డీడీఆర్5 వచ్చినాయి. ఎవరు చేసిన ర్యామ్ అయినా రకం, స్పీడు, సైజు కలిస్తే పనిచేయాలి, చాలావరకు పనిచేస్తది కూడా. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది ఒకటే: సర్వర్ ర్యామ్ ఎక్కువగా రిజిస్టర్డ్ రకం, డెస్క్‌టాప్‌ది అన్‌బఫర్డ్ రకం. డీడీఆర్4లో రెండూ ఒకే 288 పిన్నుల సాకెట్లో కూర్చుంటాయి, కూర్చున్నాయి గదా అని సంబరపడితే మిషన్ ఆన్ కాదు. డీడీఆర్5లో గాటు స్థానమే మార్చేశారు, తప్పు రకం అసలు దిగదు. డెస్క్‌టాప్ రకానికి 5 వోల్టులు, సర్వర్ రకానికి 12 వోల్టులు పోతాయి కాబట్టి అట్లా మార్చకపోతే కాలిపోయే ప్రమాదం. ఆకారంతోనే తప్పుని ఆపడం, ఇది మంచి స్టాండర్డ్ లక్షణం.

నెట్‌వర్క్ లాంటి అదనపు కార్డులు గుచ్చే స్లాట్‌కి పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఉంది, డిస్కులకి 3.5 అంగుళాలు, 2.5 అంగుళాలు అనే సైజులు, మామూలు శాటా, సర్వర్ల శాస్ అనే కనెక్షన్లు, ఇప్పుడు ఇంకా వేగమైన ఎన్‌వీఎంఈ. శాస్ కంట్రోలర్ మీద శాటా డిస్కు నడుస్తది, శాటా బోర్డు మీద శాస్ డిస్కు నడవదు, ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు.

మరి ఇన్ని కలిసినప్పుడు సమస్య ఎక్కడుంది? మధ్యలో ఉంది. బయట డబ్బా కొలత స్టాండర్డు, లోపల గుచ్చే సామాను స్టాండర్డు, ఈ రెండింటినీ కలిపేదంతా కంపెనీ సొంతం. మదర్‌బోర్డు ఆకారం, పవర్ సప్లై, ఫ్యాన్లు, గాలి మళ్ళించే ప్లాస్టిక్ మూత, డిస్కు పట్టే ట్రే, ర్యాక్ రైల్స్, వీటిల్లో ఒక బ్రాండ్‌ది ఇంకో బ్రాండ్‌కి పడదు. డిస్కు పోయిందంటే డిస్కు దొరుకుతుంది, ఖాళీ చోట కొత్త డిస్కు పెట్టాలంటే ఆ ట్రే దొరకదు, దొరికినా అంత చిన్న ఇనప ముక్కకి అంత రేటా అనిపిస్తది. పవర్ సప్లైకి సీఆర్‌పీఎస్ అని ఒక ఉమ్మడి కొలత ఉంది, తైవాన్ కంపెనీల సర్వర్లు చాలావాటిలో అదే వాడతారు, బాగా అమ్ముడుపోయే పెద్ద బ్రాండ్లలో మాత్రం ఎవరి కనెక్టరు వాళ్ళదిగానే నడిచింది.

నెల్లూరు జిల్లా వాళ్ళకి ఈ సంగతి పుట్టి లెక్కతో చెప్తే గమ్మున అర్థమవతది. ఇక్కడ వడ్లు పుట్టి లెక్కన అమ్ముతారు, పుట్టంటే 850 కిలోలు, ఇది కొనేవాడికీ తెలుసు అమ్మేవాడికీ తెలుసు. కానీ తేమ ఎంత, తరుగు ఎంత తీయాలి అనేది ఎవరు చెప్తారో వాళ్ళ చేతిలోకే బేరం పోతది, పుట్టి కొలత అట్లానే ఉంటది కానీ రైతు చేతికొచ్చే డబ్బు మారిపోతది. సర్వర్లలోనూ పుట్టి లాంటి కొలతలు ఖాయంగా ఉన్నాయి, తరుగు లాంటివి ఖాయం కాలేదు. వడ్ల దగ్గర కొనేవాడు బలమైనోడు, సర్వర్ల దగ్గర అమ్మేవాడు బలమైనోడు, రెండు చోట్లా మన జిల్లా మనిషి బలం లేని పక్కనే నిలబడి ఉన్నాడు.

కంపెనీల వైపు నుంచి కూడా న్యాయంగా చూడాలి. 44 మిల్లీమీటర్ల ఎత్తులో ఒక్కోటి 350 వాట్లు తాగే ప్రాసెసర్లు రెండు, వాటి చుట్టూ ర్యామ్, ముందర డిస్కులు, వెనక కార్డులు పెట్టి వేడి బయటికి పంపాలంటే బోర్డు, ఫ్యాను, మూత ఒకదానికొకటి కలిపి డిజైన్ చేయాల్సిందే, ఏటీఎక్స్ డబ్బాలో లాగా ఎవడిది వాడు తెచ్చి బిగిస్తే వేడి తట్టుకోదు. వారంటీ ఇచ్చేవాడు తాను పరీక్షించిన సామానే పెట్టమనడంలోనూ తప్పు లేదు. కానీ ఫ్యాను గాలికీ డిస్కు ట్రే క్లిప్పుకీ ఏం సంబంధం? ఒకే కంపెనీ కొన్ని తరాలకోసారి ట్రే మార్చడానికి వేడి కారణం కాదు, స్పేర్ పార్టుల వ్యాపారం కారణం అని గట్టిగానే చెప్పొచ్చు.

కొనేవాళ్ళు, పోటీదారులు కలిసి నిలబడితే ఇది మారుతుందని చరిత్ర రెండుసార్లు చూపించింది. 1987లో ఐబీఎం తన పీఎస్‌/2 కంప్యూటర్లలో మైక్రో ఛానెల్ అని కొత్త రకం కార్డు స్లాట్ పెట్టింది, టెక్నికల్‌గా మంచిదే, కానీ వాడుకోవాలంటే ఐబీఎంకి లైసెన్సు డబ్బులు కట్టాలి. అప్పుడు కాంపాక్, హెచ్‌పీ, ఎప్సన్, ఎన్‌ఈసీ లాంటి తొమ్మిది కంపెనీలు ఒక్కటై 1988లో ఈఐఎస్‌ఏ అనే స్లాట్ ప్రకటించినాయి, పాత కార్డులు కూడా దాంట్లో పడేటట్టు. మరుసటేడు కాంపాక్ దాంతోనే సిస్టమ్‌ప్రో అనే సర్వర్ తెచ్చింది, పీసీ సామానుతో చేసిన తొలి సర్వర్లలో అదొకటి. 1992లో ఇంటెల్ పీసీఐ తెచ్చాక మైక్రో ఛానెల్, ఈఐఎస్‌ఏ రెండూ కనుమరుగైపోయినాయి, ఇప్పటి పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఆ పీసీఐ బిడ్డే. ఎవరి స్లాట్ గొప్పది అన్నదానికంటే ఎంతమంది ఒప్పుకున్నారు అన్నదే గెలిచింది.

రెండోసారి జరిగింది ఇంకా పెద్దది. 2011 ఏప్రిల్‌లో ఫేస్‌బుక్ అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రం ప్రైన్‌విల్‌లో కట్టుకున్న డేటా సెంటర్ కోసం సొంతంగా గీయించిన సర్వర్ల డిజైన్లు, కరెంటు పద్ధతి, అన్నీ బయటపెట్టి ఓపెన్ కంప్యూట్ ప్రాజెక్ట్ మొదలుపెట్టింది. ముందర అలంకారపు పలకలు, బ్రాండ్ పేర్లు తీసేశారు, ఒక్కో సర్వర్‌లో ఉండాల్సిన పవర్ సప్లైలు కూడా తర్వాత వచ్చిన ఓపెన్ ర్యాక్‌లో తీసేసి అన్నింటికీ కలిపి ర్యాక్‌లో ఒక చోట పెట్టి వెనకాల రాగి పట్టీ ద్వారా కరెంటు ఇచ్చారు. తమ పాత సెంటర్లతో పోలిస్తే కరెంటు వాడకంలో 38 శాతం, ఖర్చులో 24 శాతం మెరుగైందని అప్పట్లో ఫేస్‌బుక్ చెప్పుకుంది. ఇంటెల్, ర్యాక్‌స్పేస్, గోల్డ్‌మన్ శాక్స్ మొదట్లోనే కలిసినాయి, మైక్రోసాఫ్ట్ 2014లో, గూగుల్ 2016లో వచ్చినాయి. అంటే అమ్మేవాడు గీసిన బొమ్మని కొనేవాడు ఒప్పుకోవడం పోయి, కొనేవాడు గీసిన బొమ్మ ప్రకారం అమ్మేవాడు చేసివ్వడం మొదలైంది.

ఇది నెల్లూరు దాకా ఎందుకు రాలేదు మరి? ఓపెన్ ర్యాక్‌లో సామాను పట్టే వెడల్పు 19 కాదు, 21 అంగుళాలు. ఎత్తు లెక్క కూడా 44.45 కాదు, 48 మిల్లీమీటర్లు. కరెంటు గోడ సాకెట్ నుంచి కాదు, వెనక రాగి పట్టీ నుంచి, మొదట్లో 12 వోల్టులు ఇప్పుడు 48 వోల్టులు. ఒక్క సర్వర్ కొనుక్కుని మూలన పెట్టుకునే వాళ్ళకి దీంట్లో పనికొచ్చేది ఏమీ లేదు, ర్యాకులకి ర్యాకులు, హాళ్ళకి హాళ్ళు కొనేవాళ్ళకే. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో ఐదేళ్ళలో 1500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది, అట్లాంటి చోట లోపలికి పోయే సామాను వాళ్ళు చెప్పిన కొలతకే తయారవతది. అదే రాష్ట్రంలో కావలిలో రొయ్యల ప్లాంటు వాళ్ళో, దర్శిలో ఒక కాలేజీ వాళ్ళో సర్వర్ కొంటే కేటలాగ్‌లో ఉన్నదాంట్లోనే ఏరుకోవాలి.

ఇనప కొలతలు ఒక ఎత్తైతే, కంటికి కనపడని తాళాలు ఇంకో ఎత్తు. కొన్ని బ్రాండ్లలో తమ సంతకం లేని డిస్కు పెడితే ఎర్ర లైటు వెలుగుతా ఉంటది, బయట కార్డు పెడితే ఫ్యాన్లు ఫుల్ స్పీడుతో అరుస్తా ఉంటాయి. ఏఎండీ కంపెనీ ఎపిక్ అనే సర్వర్ ప్రాసెసర్లలో ప్లాట్‌ఫామ్ సెక్యూర్ బూట్ అని ఒకటి ఉంది, సర్వర్ కంపెనీ దాన్ని ఆన్ చేసి ఇస్తే ఆ కంపెనీ తాళం ప్రాసెసర్ లోపల శాశ్వతంగా పడిపోతది, ఆ తర్వాత అదే ప్రాసెసర్ వేరే కంపెనీ బోర్డులో పెడితే లేవదు. ఫర్మ్‌వేర్‌ని, అంటే మిషన్‌ని లేపే లోపలి ప్రోగ్రాముని, ఎవరూ మార్చకుండా కాపాడడానికి అది పెట్టారు, ఆ ఉద్దేశం మంచిదే, కానీ రిచీ స్ట్రీట్‌లో విడి ప్రాసెసర్ చవగ్గా కొనుక్కునేవాడికి అది ఏ కంపెనీ మిషన్ నుంచి తీసిందో చూస్తే తెలియదు. విడి ప్రాసెసర్ కొనేటప్పుడు ఏ సర్వర్‌లోంచి వచ్చిందని అడగడం, తమ బోర్డులో పెట్టి ఆన్ చేసి చూపించమనడం తప్పనిసరి.

దూరం నుంచి సర్వర్‌ని చూసుకునే పద్ధతి ఇంకో కథ. మిషన్ ఆఫ్‌లో ఉన్నా లోపల ఒక చిన్న చిప్ మేలుకొని ఉంటది, దాని ద్వారా ఆన్ చేయొచ్చు, టెంపరేచర్ చూడొచ్చు. దీనికి 1998లో ఇంటెల్, డెల్, హెచ్‌పీ, ఎన్‌ఈసీ కలిసి ఐపీఎంఐ అనే ఉమ్మడి భాష తయారుచేశారు. పాస్‌వర్డ్ సరిగ్గా చెప్పకముందే దాని హ్యాష్ (పాస్‌వర్డ్‌ని గిలకొట్టి రాసిన రూపం) అడిగినవాడికి ఇచ్చేసే లోపం ఐపీఎంఐ 2.0 డిజైన్‌లోనే ఉంది, అందుకే ఆ పోర్టుని నేరుగా ఇంటర్నెట్‌కి తగిలించకూడదు. దాని స్థానంలో 2015లో రెడ్‌ఫిష్ వచ్చింది, ఇప్పుడొచ్చే సర్వర్లు దాదాపు అన్నీ దాన్ని మాట్లాడతాయి. డెల్‌ది ఐడ్రాక్, హెచ్‌పీది ఐలో అని పేర్లు ఎవరివి వాళ్ళవే, స్క్రీన్ మొత్తం దూరం నుంచి కనపడాలంటే విడిగా లైసెన్సు కొనాలనే షరతు కూడా చాలాచోట్ల ఉంది. ఒంగోలులో కూర్చుని కనిగిరి బ్రాంచిలో సర్వర్‌ని సరిచేయాల్సిన వాళ్ళకి ఆ లైసెన్సు అలంకారం కాదు, అది లేకపోతే బస్సెక్కి పోవాల్సిందే.

వేడి గురించి చెప్పకపోతే ఈ ప్రాంతానికి ఈ లెక్క పూర్తి కాదు. సర్వర్ గాలి లోపలికి పీల్చుకునే చోట ఎంత వేడి ఉండొచ్చో ఆష్రే అనే సంస్థ తరగతులు పెట్టింది. ఏ2 అంటే 10 నుంచి 35 డిగ్రీలు, ఏ3 అంటే 40 దాకా, ఏ4 అంటే 45 దాకా. నెల్లూరు, ఒంగోలులో మే నెలలో బయటే 42, 43 దాటే రోజులుంటాయి. మామూలుగా జరిగేది ఏందంటే, కరెంటు పోతే యూపీఎస్ సర్వర్‌ని నిలబెడతది, ఏసీని నిలబెట్టదు. మూసిన చిన్న గదిలో సర్వర్ నడస్తా ఉంటది, చల్లదనం ఆగిపోతది, పావుగంట అరగంటలో గది కాలిపోతా ఉంటది. యూపీఎస్ బ్యాటరీ రెండు గంటలొస్తదని ఆనందపడితే ఆ రెండు గంటలూ సర్వర్‌ని ఉడకబెట్టినట్టే. కొనేటప్పుడు ఏ2నా ఏ3నా అని అడిగేవాళ్ళు తక్కువ, పేపర్లో మాత్రం ఉంటది. గది వేడెక్కితే తనంతట తనే పద్ధతిగా ఆగిపోయేటట్టు సెట్టింగ్ పెట్టుకోవడం ఇక్కడ ర్యామ్ సైజు కన్నా ముఖ్యం.

ఇప్పుడు ఆశ పెట్టుకోదగ్గది ఒకటి నడస్తా ఉంది. 2022లో ఓపెన్ కంప్యూట్ కిందే డెల్, హెచ్‌పీఈ (హెచ్‌పీ నుంచి విడిపోయిన సర్వర్ల కంపెనీ), ఇంటెల్, గూగుల్, మెటా (ఫేస్‌బుక్ కొత్త పేరు), మైక్రోసాఫ్ట్ కలిసి డీసీ-ఎంహెచ్‌ఎస్ అనే కొలతలు మొదలుపెట్టినాయి. పెద్ద విషయం ఏందంటే ఇది 19 అంగుళాల మామూలు ర్యాక్‌ని వదిలేయలేదు. ప్రాసెసర్, ర్యామ్ ఉండే బోర్డుకి ఒక ఉమ్మడి ఆకారం, పవర్ సప్లైకి ఎం-సీఆర్‌పీఎస్ అనే ఉమ్మడి కొలత, దూరం నుంచి చూసుకునే చిప్‌ని, సెక్యూరిటీ చిప్‌ని బోర్డు మీద నుంచి తీసేసి విడి కార్డుగా చేశారు. అంటే ఇందాక మధ్యలో ఉందనుకున్న ఆ సొంత భాగం మీదే చెయ్యి పడింది. పెద్ద బ్రాండ్ల కొత్త మోడళ్ళలో కొన్నిటికి ఇది వచ్చేసింది కూడా. కొలత ఒకటే అయినంత మాత్రాన ఒక బ్రాండ్ బోర్డు ఇంకో బ్రాండ్‌లో రేపే పనిచేస్తదని కాదు, ఫర్మ్‌వేర్ తాళాలు అట్లానే ఉండొచ్చు, కానీ కనీసం పవర్ సప్లై కోసం ఊళ్ళు తిరిగే కష్టం తగ్గే దారి ఇదే. మనదేశంలో ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ కూడా రుద్ర అని సొంత సర్వర్ డిజైన్ చేసుకుంది, దాంతో కట్టిన పరమ్ రుద్ర సూపర్ కంప్యూటర్లు 2024 సెప్టెంబరులో పుణె, ఢిల్లీ, కోల్‌కతాలో మొదలైనాయి.

సర్వర్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ గుర్తు ఉంటది గదా, అదేం చేస్తది అంటారేమో. 2012 నాటి ఉత్తర్వు ప్రకారం వచ్చిన ఆ గుర్తు షాక్ కొట్టకుండా, మంటలు రాకుండా చూసే భద్రత గురించి. పార్టులు కలుస్తాయా లేదా అనేది దాని పరిధిలోకి రాదు. కాబట్టి ఆ పని కొనేవాళ్ళే చేసుకోవాలి, కాలేజీలు, మున్సిపాలిటీలు, ఆసుపత్రులు టెండర్ రాసేటప్పుడు చేసుకోవాలి. మామూలుగా టెండర్లలో ప్రాసెసర్ ఎన్ని కోర్లు, ర్యామ్ ఎంత అని మూడు లైన్లు రాసి వదిలేస్తారు. పవర్ సప్లై రెండు ఉండాలి, వీలైతే సీఆర్‌పీఎస్ రకం, ఖాళీ డిస్కు ట్రేలన్నీ సర్వర్‌తో పాటే ఇవ్వాలి, రైల్స్ ఇవ్వాలి, రెడ్‌ఫిష్ ఉండాలి, స్క్రీన్ లైసెన్సు కలిపే ఉండాలి, వేడి తరగతి ఏ3 ఉండాలి, వైరు మన 16 ఆంప్ పిన్నుతో రావాలి, ప్రాసెసర్‌కి తాళం వేశారా లేదా రాతపూర్వకంగా చెప్పాలి. ఇవి రాస్తే ధర కొంచెం పెరుగుద్ది, బేరం ఆడే బలం అప్పుడు మాత్రమే ఉంటది, సంతకం అయ్యాక ఉండదు.

ప్రైవేటు వాళ్ళకి ఇంకా తేలిక దారి ఉంది, పొగతోట లాంటి చోట ఇంకా తేలిక. ఒకే వీధిలో పదిపదిహేను ల్యాబులు, ఆసుపత్రులు ఉంటాయి, ఒక్కోటి ఒక్కో బ్రాండ్ సర్వర్, ఒక్కో ఏడాది మోడల్. వాళ్ళల్లో నలుగురు మాట్లాడుకుని ఒకే మోడల్ కొనుక్కుంటే, నలుగురికీ కలిపి ఒక పవర్ సప్లై, రెండు డిస్కులు ట్రేలతో సహా, ఒక ఫ్యాను కొని ఒక బీరువాలో పెట్టుకుంటే సరిపోతది. శనివారం సాయంత్రం ఏది కాలినా, మెట్లు దిగి పక్క బిల్డింగ్‌కి పోయి తెచ్చుకుని పెట్టుకోవచ్చు, పెట్టుకున్నాక బీరువాలోకి కొత్తది ఆర్డరు పెడితే కొరియర్ వారానికి వచ్చినా ఎవరి పనీ ఆగదు.